ఎమర్జెన్సీ నుంచి బస్తీ దవాఖానాకు: రెండేళ్లు వాడాక నా మాట

మా అత్తమ్మకు అరవై మూడేళ్లు. 2023 వానాకాలంలో ఒక రాత్రి గిన్నెలు తోముతూ "చక్కర్ వస్తుందే" అని గోడ పట్టుకుంది. 108కి ఫోన్ చేస్తే బండి తొందరగానే వచ్చింది. బీపీ 214/118. పెద్దాసుపత్రి ఎమర్జెన్సీలో తెల్లారేదాకా ఉంచుకుని, ఈసీజీ తీసి, బీపీ దించి, షుగర్ కూడా ఉందని చెప్పి పంపించారు. ఆ రాత్రి వాళ్లు చేసిన వైద్యానికి నేను వంక పెట్టను. పొద్దున చేతికిచ్చిన కాగితంతోనే వచ్చింది చిక్కు. అందులో ఐదు రోజుల మందులు, కింద "ఫిజీషియన్‌కు చూపించుకోండి" అని ఒక లైను. ఎక్కడ, ఎప్పుడు అని అడిగితే "ఓపీకి రండమ్మా" అన్నారు. ఓపీకి పోవడమంటే పొద్దున్నే లైన్లో నిలబడాలి, నాకు ఆ రోజు జీతం పోతుంది.

ఐదు రోజులకు గోలీలు అయిపోయాయి. బాగానే ఉన్నాను కదా, ఇంకా గోలీలెందుకు అంది అత్తమ్మ. నేనూ గట్టిగా అనలేదు. నలభై రోజులకు మళ్లీ అదే ఎమర్జెన్సీ, అదే మంచం.

రెండోసారి డ్యూటీలో ఉన్న సిస్టర్ మా ఇల్లెక్కడో అడిగింది. వాళ్ల చెల్లెలిదీ మా బస్తీ పక్కనేనట. "మీ గల్లీ దాటితే బస్తీ దవాఖానా ఉంటది కదా, అక్కడికి పోరాదూ?" అంది. డిశ్చార్జి కాగితం వెనక పెన్నుతో "బస్తీ దవాఖానా, సోమవారం, 9 గంటలకు" అని రాసిచ్చింది. గోలీలు అయిపోకముందే పోవాలని రెండుసార్లు చెప్పింది. ఇది ఆమె డ్యూటీ కాదు, మంచితనం. ఆ రోజు ఆమె లేకపోతే మూడోసారి కూడా బండెక్కేవాళ్లమేమో.

హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాలు 2018 నుంచి ఉన్నాయి. డాక్టరు, నర్సు, ఒక సహాయకురాలు ఉంటారు. చూపించుకోవడం, మందులు, రక్త పరీక్షలు అన్నీ ఉచితం. నేను మాత్రం అప్పటిదాకా అక్కడ జ్వరం గోలీలే ఇస్తారనుకున్నాను. మొదటి రోజే రక్తం తీసుకున్నారు. శాంపిల్ తెలంగాణ డయాగ్నస్టిక్స్ ల్యాబుకు పోయింది, రిపోర్టు ఫోన్‌కు వచ్చింది. మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ) 9.4, అంటే బాగా ఎక్కువే. నెలకు సరిపడా గోలీలిచ్చి, అయిపోయే ముందే రమ్మన్నారు.

రెండో నెలలో అత్తమ్మ కాళ్లు వాచాయి, లేచి నిలబడితే కళ్లు తిరగడం మొదలైంది. డాక్టరమ్మ ఇంట్లో ఉన్న గోలీలన్నీ సంచిలో వేసుకుని తెమ్మంది. బల్ల మీద పోస్తే సంగతి బయటపడింది. ఎమర్జెన్సీలో రాసిన బీపీ గోలీ మెడికల్ షాపులో కొన్న ఒక కంపెనీది, దవాఖానాలో ఇచ్చింది ఇంకో పేరుతో ఉన్నది. అట్టల రంగులు వేరు, లోపల రెండూ ఆమ్లోడిపిన్ 5. "రెండూ బీపీవే కదమ్మా, రెండు చోట్లా ఇచ్చిండ్రు" అని అత్తమ్మ పొద్దునొకటి, రాత్రొకటి వేసుకుంటోంది. తప్పు ఆమెది కాదు, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు అప్పటిదాకా ఎవరూ లేరు. డాక్టరమ్మ ఒకటి ఆపేసింది. పది రోజుల్లో వాపు దిగింది.

ఆ రోజు సాయంత్రమే ఒక పొడుగు నోటుబుక్కు కొన్నాను. తారీఖు, బీపీ, షుగర్, ఏ గోలీ మొదలుపెట్టారు, ఏది ఆపారు, ఎందుకు ఆపారు, అన్నీ రాస్తాను. అయిపోయిన అట్ట ముక్క కత్తిరించి పక్కన అతికిస్తాను, అత్తమ్మ అక్షరాల కన్నా అట్టనే బాగా గుర్తుపడుతుంది. ఈ రెండేళ్లలో డాక్టర్లు ముగ్గురు మారారు. కొత్తగా వచ్చినవాళ్లకు మళ్లీ మొదటి నుంచి చెప్పుకునే పని లేకుండా చేసింది ఈ బుక్కే. ఆరోగ్య రికార్డులన్నీ ఒకచోట కలిపే ఆభా నంబరు కూడా తీసుకున్నాం, పెద్దాసుపత్రిలో ఓపీ చీటీకి క్యూఆర్ స్కాన్ చేస్తే పని త్వరగా అవుతోంది. కానీ ఎమర్జెన్సీలో ఏం చేశారో దవాఖానా డాక్టరుకు ఇంతవరకూ దాంట్లో కనిపించలేదు. కాగితాలు మోసేది నేనే.

నచ్చనివి కూడా ఉన్నాయి. మేం పోయే చోట సాయంత్రం నాలుగింటికి తాళం వేస్తారు, కూలికి పోయేవాళ్లు ఎప్పుడు రావాలి? ఒకసారి షుగర్ గోలీలు మూడు వారాలు రాలేదు, బయట కొనుక్కున్నాం. కూర్చోవడానికి ఉన్నవి నాలుగే కుర్చీలు. ఈసీజీకి వేరే చోటికి పంపారు. గుండె నొప్పి, మాట తడబడటం, మూతి వంకర పోవడం లాంటివాటికి మాత్రం ఇక్కడికి వచ్చి కూర్చోకండి, నేరుగా 108కే ఫోన్ చేయండి.

పోయిన చలికాలంలో ఒక రాత్రి అత్తమ్మకు ఒళ్లంతా చెమటలు, వణుకు. మళ్లీ ఎమర్జెన్సీకి పోయాం. ఈసారి కాగితాలకు బదులు నోటుబుక్కు ఇచ్చాను. కుర్ర డాక్టరు చివరి మూడు పేజీలు చూసి "ఈ గోలీ డోసు పెంచి వారమే అయింది కదా, రాత్రి తిన్నదా?" అని అడిగాడు. ఏకాదశి అని తినలేదు. షుగర్ 52కి పడిపోయింది. గ్లూకోజు ఎక్కించి, కాసేపు చూసి, ఏం చేశారో బుక్కులోనే రాసి సంతకం పెట్టాడు. పొద్దున తొమ్మిదింటికి అదే పేజీ తెరిచి దవాఖానా బల్ల మీద పెట్టాను.