బరంపురం వైపు పాత కారు కొంటున్నారా? కొత్త పెయింట్ చూసి మురిసిపోకండి

ధర కాస్త తక్కువ పడుతుందని ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వాళ్లు పాత కారు కోసం ఒడిశాలోని బరంపురం పోతుంటారు. యార్డులో నిలబెట్టిన బండి తళతళలాడుతూ ఉంటుంది. తీసుకున్నాక మొదటి వానాకాలంలోనే వెనక చక్రం పైన పెయింట్ పొక్కుతుంది. గోటితో గీకితే పెచ్చు ఊడుతుంది. దాని కింద పుట్టీ, ఆ కింద రేకు ఉండాల్సిన చోట ఎర్రటి పొడి. ఈ మధ్య అలాగే బయటపడిన ఒక హ్యాచ్‌బ్యాక్ రన్నింగ్ బోర్డు (డోర్ల కింద ఉండే రేకు పట్టీ) కోసి చూస్తే లోపల ఒడియా పేపరు ఉండలు చుట్టి కుక్కి ఉన్నాయి. వాటి మీద ఫైబర్ గుడ్డ, పైన వేలి మందాన పుట్టీ, ఆపైన మెటాలిక్ సిల్వర్. అమ్మినవాళ్లను అడిగితే "మేం బండి ఉన్నది ఉన్నట్టే అమ్మాం" అన్నారు.

గోపాల్‌పూర్ నుంచి బారువ దాకా గాలిలో ఉప్పు ఉంటుంది. ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి ఎండ కాసినా రేకుల సందులు పూర్తిగా ఆరవు. రెండు రేకులు కలిపి వెల్డింగ్ చేసిన చోట్ల, అంటే వీల్ ఆర్చ్ (చక్రం పైన వంపు రేకు) అంచు, డోరు కింది మడత, రన్నింగ్ బోర్డుల దగ్గర ఇసుకా మట్టీ చేరి తుప్పు లోపలి నుంచి తినుకుంటూ వస్తుంది. పైకి రూపాయి బిళ్లంత పొక్కు కనబడేసరికి లోపల అరచేయంత రేకు పోయి ఉంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వరదల్లో మునిగిన బళ్లూ ఎక్కడో ఒకచోట తిరుగుతూనే ఉన్నాయి. సీటు బెల్టు చివరిదాకా లాగి బురద చార ఉందేమో, సీటు కింద పట్టాలు తుప్పు పట్టాయేమో చూడండి.

చూడ్డానికి పగటి వెలుతురులోనే వెళ్లండి. ట్యూబులైటు కింద, అప్పుడే కడిగిన బండి మీద ఏదీ తెలీదు. చిన్న అయస్కాంతం పలచటి గుడ్డలో చుట్టి వీల్ ఆర్చ్‌ల మీదా డోర్ల కింది భాగం మీదా నడిపించండి. ఎడమవైపు గట్టిగా అంటుకుని, కుడివైపు అదే చోట జారిపోతే అక్కడ పుట్టీ ఉన్నట్టే. బంపరు ప్లాస్టిక్ కాబట్టి అక్కడ అంటుకోకపోతే కంగారు పడకండి. మందం కొలిచే మీటరు దొరికితే మరీ మంచిది. కంపెనీ పెయింట్ సుమారు 80 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది, 1000 దాటితే అది పెయింట్ కాదు. తర్వాత డిక్కీలో స్టెప్నీ ఎత్తండి, కాళ్ల కింద కార్పెట్ ఎత్తండి, డోరు అడుగున నీళ్లు కారే రంధ్రాలు మూసుకుపోయాయేమో చూడండి. జాకీ పాయింటు దగ్గర జాకీ వేసి ఎత్తించండి. రేకు కరకరమని నలిగితే బేరం అక్కడితో ఆపేయండి.

"అండర్ కోటింగ్ కొత్తగా చేయించాం సార్" అంటే అన్నిటికన్నా ఎక్కువ అనుమానపడాల్సింది అక్కడే. ఆ నల్ల పూత కింద ఏముందో స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడనివ్వకపోతే వచ్చేయండి.

డోరు, బానెట్ అంచుల్లో పైపై తుప్పయితే ధర తగ్గించి తీసుకోవచ్చు. సస్పెన్షన్ బిగించే చోట, ఛాసిస్ మెంబర్లలో (బండి బరువు మోసే అడుగు దూలాల్లో), సీటు బెల్టు బోల్టుల చుట్టూ తుప్పుంటే ఎంత తగ్గించినా వద్దు.

ఇప్పటికే కొనేసినవాళ్లు షెడ్డుకు తీసుకెళ్లేముందు ఇది చదవండి. పొక్కు చుట్టూ రెండు మూడు సెంటీమీటర్ల మంచి పెయింట్ కూడా తీయించాలి, తుప్పు పెయింట్ కింద పాకి ఉంటుంది. వైరు బ్రష్షుతో, 80 నంబరు ఎమరీతో తెల్ల రేకు తేలేదాకా రుద్దాలి. గుంటల్లో మిగిలిన నల్ల చుక్కలకే ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్. పెచ్చులుగా లేచే తుప్పు మీద అది పూసి ప్రయోజనం లేదు. డబ్బా మీద రాసిన ప్రకారం ఆ యాసిడ్‌ను కడిగి, బాగా ఆరబెట్టి, అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు కొట్టాలి. మన తీరం తేమకు తెల్ల రేకు రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి మళ్లీ ఎర్రబడుతుంది.

పుట్టీ ప్రైమర్ మీదే, అదీ రెండు మూడు మిల్లీమీటర్లకు మించకుండా వేయాలి. పుట్టీ గట్టిపడటానికి కలిపే హార్డెనర్ 100 గ్రాముల పుట్టీకి 2 గ్రాముల చొప్పున చాలు. తొందరగా గట్టిపడాలని ఎక్కువ కలిపితే నెలల తర్వాత పెయింట్‌లోంచి మరకలు తేలతాయి. పుట్టీ మీద నీళ్లు పోసి వాటర్ పేపరు రుద్దడం మన షెడ్లలో మామూలు. పుట్టీ ఆ నీటిని పీల్చుకుంటుంది, మళ్లీ పొక్కు రావడానికి అదొక్కటే చాలు. పొడిగానే రుద్దమనండి.

చిల్లు పడితే పుట్టీతో పూడ్చడం కుదరదు. మంచి రేకు దొరికేదాకా కోసి, 20 లేదా 22 గేజ్ రేకు సీఓటూ వెల్డింగ్‌తో చుక్కచుక్కగా, దూరందూరంగా అతికించాలి. ఏకధాటిగా కాలిస్తే రేకు వంకర పోతుంది. ముందు బ్యాటరీ తీగలు విప్పించండి. వెల్డింగ్ వేడికి రేకు వెనక పెయింట్ కాలిపోతుంది, ఎవరూ పట్టించుకోరు. నీళ్లు కారే రంధ్రాల్లోంచి లోపలికి క్యావిటీ వ్యాక్స్ (రేకు లోపలి వైపు తుప్పు పట్టకుండా కొట్టే మైనం) కొట్టించకపోతే ప్యాచ్ వెనక నుంచి మళ్లీ మొదలవుతుంది. కొట్టాక ఆ రంధ్రాలు మూసుకుపోకుండా చూసుకోండి. పుట్టీ వేసేముందు తెల్ల రేకు ఫొటో పంపమని ముందే చెప్పి పెట్టండి, పంపడానికి నసిగే షెడ్డు వద్దు.

ఇంకోటి. ఒడిశా నంబరు బండి ఆంధ్రాకు మార్చాలంటే అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌వోసీ రావాలి, బండి మీద లోన్ ఉంటే అది తీరినట్టు చూపే ఫారం 35 కూడా. అడ్వాన్సు ఇచ్చాక అది వచ్చేదాకా బండి యార్డులోనే ఉంటుంది. ఈలోగా కొత్తగా లేచిన పొక్కులకు టచప్ కొట్టేస్తారు. డెలివరీ రోజున మిగతా డబ్బు ఇచ్చే ముందు అదే అయస్కాంతంతో అవే చోట్లు మళ్లీ చూడండి.