డ్రైవింగ్ పరీక్షకు స్కూలు కారు మేలా, మామయ్య కారు మేలా?

పెళ్లయి ఇచ్ఛాపురం నుంచి ఒడిశాలోని బరంపురం వచ్చాక కారు నేర్చుకుంటానన్నాను. ఇంట్లో రెండు పక్షాలు తేలాయి. స్కూలుకు డబ్బు తగలేయడమెందుకు, ఇచ్ఛాపురంలో మీ మేనమామ కారు ఊరికే పడి ఉంది కదా అన్నారు అత్తయ్య. మీ మామయ్య కోపానికి తట్టుకోవడం కన్నా డబ్బు కట్టడమే నయం అన్నారు మా వారు. నేను రెండు చోట్లా నేర్చుకున్నాను. పరీక్ష ఒకసారి తప్పి, రెండోసారి గట్టెక్కాను. అందుకే ఈ తగువు ఎవరింట్లో వచ్చినా తీర్పు చెప్పాలని నోరు దురద పెడుతుంది.

స్కూలు కారులో నేర్పే మాస్టారి కాళ్ల దగ్గరా బ్రేకు, క్లచ్ ఉంటాయి. గేట్ బజార్‌లో ఒక పక్క నుంచి ఆటో, మరో పక్క నుంచి ఎద్దు ఒకేసారి అడ్డం వచ్చినా కారు ఆగుతుంది. మొదటి వారంలో ఆ ధైర్యం చాలా విలువైనది. అసలు చిక్కూ అక్కడే ఉంది. పదో రోజుకు నడపడం వచ్చేసిందని పొంగిపోయాను. ఆ రోజు కూడలి దగ్గర నా కాలు గట్టిగా ఆనకముందే క్లచ్ తనంతట తానే కిందికి దిగిపోయింది. పక్కకు చూస్తే మాస్టారి పెడల్ మీద నీలం పట్టీల చెప్పు! ఇన్నాళ్లూ సగం బండి నడిపింది ఆ చెప్పేనన్నమాట.

రెండో లోపం గుర్తులు పెట్టి నేర్పడం. రివర్సుకు పాతిన కర్రల్లో రెండోది వెనుక అద్దం మూలలో కనపడగానే స్టీరింగు ఒక చుట్టు తిప్పు అన్నారు, అలాగే తిప్పాను. వాళ్ల మైదానంలో రివర్సు అద్భుతంగా వచ్చేది. పరీక్ష రోజున కర్రల మధ్య దూరం వేరు. నా రెండో కర్ర కనపడాల్సిన చోట కనపడలేదు, మూడో కర్ర మాత్రం పడిపోయింది. చట్టప్రకారం మళ్లీ పరీక్షకు వెళ్లాలంటే ఏడు రోజులు ఆగాలి. మూడుసార్లు తప్పితే అరవై రోజులు ఆగాల్సిందే.

ఆ వారమే మామయ్య ఇంటికి పరుగెత్తాను. ఒడిశాలో ఇచ్చిన లెర్నర్స్ లైసెన్సు దేశమంతటా చెల్లుతుంది కాబట్టి ఆంధ్రలోకి వెళ్తే పనికిరాదేమోనన్న బెంగ అక్కర్లేదు. పక్క సీటులో లైసెన్సున్న మనిషి ఉండాలి, బండికి ముందూ వెనుకా తెల్ల పలక మీద ఎర్రని ‘ఎల్’ ఉండాలి. ‘నా కారుకు ఆ బోర్డా?’ అని మామయ్య మొహం ముడుచుకున్నాడు. చివరికి తనే టేపు పెట్టి అంటించాడు.

పెరట్లో ఖాళీ పెయింటు డబ్బాలు నాలుగు పెట్టి, రోజూ వాటి మధ్య దూరం మార్చేవాడు. గుర్తులు లేవు, అద్దాలే దిక్కు. మొదటి రోజు ఆరుసార్లు డబ్బా దొర్లింది, మామయ్య ఆరుసార్లూ తలపట్టుకున్నాడు. నాలుగో రోజుకు కారు వెనుక చక్రం ఎక్కడుందో నా నడుముకు తెలియడం మొదలైంది. దాన్ని వేరేలా చెప్పలేను. పక్కన రెండో బ్రేకు లేదన్న భయమే సగం నేర్పింది, మిగతా సగం హ్యాండ్‌బ్రేకు మీద నుంచి తియ్యని మామయ్య చెయ్యి నేర్పింది.

అలాగని మామయ్యను నెత్తికెత్తుకోను. పల్లంలో గేరు తీసేసి పెట్రోలు ఆదా చేస్తాడు. ఇండికేటరు వెయ్యడు, కిటికీలోంచి చెయ్యి ఊపుతాడు. బండి తీసే ముందు అద్దం సరిచేసుకోవడం ఆయనకు నామోషీ. పరీక్షలో మార్కులు పోయేది సరిగ్గా వీటి దగ్గరే. ముప్పై ఏళ్లుగా ప్రమాదం లేకుండా నడుపుతున్న మనిషికి ఎదురు చెప్పడం ఎంత కష్టమో మీకు తెలిసిందే.

సరిహద్దులో ఉన్నవాళ్లకే అర్థమయ్యే తేడా ఇంకొకటుంది. పరీక్ష పెట్టే అధికారి ఒడియాలో మాట్లాడతారు. కుడికి ‘డాహాణ’, ఎడమకు ‘బాఁ’. కూరలు బేరమాడడానికి నా ఒడియా చాలు. కానీ చేతిలో స్టీరింగు, వెనుక హారన్లు ఉన్నప్పుడు ‘డాహాణ’ను కుడిగా మార్చుకోవడానికి ఒక క్షణం పట్టేది, ఆ క్షణంలో మలుపు దాటిపోయేది. మాస్టారు ఇరవై ఒక్క రోజులు అరిచాక ఆ మాట చెవి నుంచి నేరుగా చేతికి వెళ్లసాగింది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కోడళ్లకు, అల్లుళ్లకు ఈ ఒక్క కారణం చాలు, స్కూలుకు ఓటెయ్యడానికి.

మూడో దారీ ఉంది. గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రంలో చదివి అక్కడి పరీక్ష నెగ్గితే రవాణా కార్యాలయంలో మళ్లీ పరీక్ష ఉండదు. 2021 జులై నుంచి అమల్లో ఉన్న నియమమిది. కారుకు 29 గంటలు, అందులో 21 గంటలు బండి మీదే, అంతా నాలుగు వారాల్లో ముగియాలి. దగ్గరలో కేంద్రం, చేతిలో తీరిక ఉంటే మంచిదే. చంటిపిల్ల ఉన్న నాకు కుదరలేదు.

ఒక్కటే ఎంచుకోవాలంటే స్కూలే. డబ్బు కట్టే ముందు రెండు ప్రశ్నలు అడగండి. ఒక కారులో ఎంతమందిని ఎక్కిస్తారు? కనీసం ఇరవై ఒక్క రోజుల శిక్షణ, పది గంటల డ్రైవింగు ఉండాలని నిబంధన. అంటే రోజుకు అరగంట స్టీరింగు మీ చేతిలోనే ఉండాలి, వెనుక సీటులో కూర్చుని చూసింది లెక్కకు రాదు. పది రోజుల తర్వాత మాస్టారు పెడళ్ల మీద నుంచి కాళ్లు తీస్తారా? ఈ ప్రశ్నకు నవ్వేవాళ్ల దగ్గర చేరకండి.

రెండూ కుదిరేవాళ్లు ముందు స్కూలుకు వెళ్లి, తర్వాత ఇంటి కారు పట్టండి. లెర్నర్స్ వచ్చాక 30 రోజులు నిండితేగానీ ఎలాగూ పరీక్షకు రానివ్వరు, దాని గడువు ఆరు నెలలు. తొందరపడి ముప్పై ఒకటో రోజునే వెళ్లడం నేను చేసిన తప్పు. తెల్లవారుజామున గోపాల్‌పూర్ రోడ్డు మీద గేర్లు మార్చడం ఎవరికైనా వస్తుంది. సాయంత్రం ఓవర్‌బ్రిడ్జి ఎత్తులో, బంపరుకు ఆనుకుని ఆటో నిలబడి ఉండగా, జానెడు కూడా వెనక్కి జారకుండా కదిలించగలిగిన రోజున పరీక్షకు తేదీ పెట్టుకోండి.

రెండోసారి మామయ్య కారులోనే వెళ్దామనుకున్నాను. కార్యాలయం గుమ్మం దగ్గర కాగితాలు తీస్తే కాలుష్య పత్రం గడువు దాటి రెండు నెలలైంది. మామయ్య నా వైపు చూడకుండా పాన్ డబ్బా వైపు నడిచాడు. నేను మాస్టారికి ఫోను చేశాను.