సైనిక విద్యార్థుల విభాగంలో కొత్త ఉద్యోగం: జీఐ బిల్ కంపారిజన్ టూల్‌పై నా సమీక్ష

శాన్ ఆంటోనియోలోని ఒక కళాశాలలో సైనిక విద్యార్థుల సేవా విభాగానికి మేనేజరుగా చేరి నాలుగు నెలలు దాటింది. అంతకుముందు పదేళ్లు అడ్మిషన్ల విభాగంలో పనిచేశాను కనుక ఫీజుల లెక్కలు నాకు కొత్త కావనుకున్నాను. చేరిన వారంలోనే ఆ ధీమా సడలింది. అప్పటినుంచి రోజూ తెరుస్తున్నది అమెరికా వెటరన్స్ వ్యవహారాల శాఖ 2014లో ఉచితంగా అందుబాటులోకి తెచ్చిన జీఐ బిల్ కంపారిజన్ టూల్. సైన్యంలో పనిచేసినవారి చదువుకు ప్రభుత్వం జీఐ బిల్ కింద ఇచ్చే సాయం ఏ కళాశాలలో ఎంత వస్తుందో చూపే వెబ్ పేజీ ఇది. ఇలాంటి కొలువులో కొత్తగా చేరేవారికీ, సైన్యంలో పనిచేసి మళ్లీ చదువుకోవాలనుకునే మనవాళ్లకూ పనికొస్తుందని దీని గురించి రాస్తున్నాను.

జీఐ బిల్ 1944 నాటి చట్టం. ఇప్పుడు ఎక్కువమంది వాడుకునేది 2009 ఆగస్టు 1న అమలులోకి వచ్చిన పోస్ట్ 9/11 జీఐ బిల్. పూర్తి అర్హత ఉన్నవారికి 36 నెలల పాటు ప్రభుత్వ కళాశాలలో స్థానికుల ట్యూషన్ ఫీజు, నెలవారీ ఇంటి భత్యం, పుస్తకాలకు క్రెడిట్‌కు 41.67 డాలర్ల చొప్పున ఏడాదికి 1,000 డాలర్ల వరకు వస్తాయి. కళాశాల పేరు, సర్వీసు వివరాలు ఇస్తే టూల్ ఈ మూడింటినీ అంచనా వేసి చూపిస్తుంది. ఇంకా సర్వీసులోనే ఉన్నానని ఎంచుకుంటే ఇంటి భత్యం సున్నా అవుతుంది. చూసినవారు కంగారు పడతారు గానీ అది సరైన లెక్కే. కళాశాలపై వచ్చిన ఫిర్యాదుల సంఖ్య, హెచ్చరిక గుర్తులు కూడా అదే పేజీలో ఉండడం నాకు అన్నిటికన్నా నచ్చింది, ఎందుకంటే రంగురంగుల ప్రకటన చూసి చేరిపోయే కుర్రవాడికి ఆ సమాచారం వేరే ఎవరూ పిలిచి చెప్పరు.

కొత్త మేనేజరు మొదట తెరవవలసింది తన కళాశాల పేజీనే. నేను తెరిచేసరికి, విద్యార్థుల నమోదును ధ్రువీకరించి పంపే అధికారి పేరు ఉండవలసిన చోట, ఎప్పుడో ఉద్యోగం మానేసిన మనిషి పేరు కనిపించింది. మావాళ్లు మార్పు తెలియజేసే 22-8794 ఫారం పంపలేదు, అంతే.

ఇక నా వల్ల జరిగిన పొరపాటు చెబుతాను. అమెరికా పౌరసత్వం లేనివారిని ప్రత్యేక నైపుణ్యాల కోసం సైన్యంలోకి తీసుకున్న, 2016లో ఆగిపోయిన మావ్నీ పథకం ద్వారా చేరి, ఈ మధ్యనే బయటికి వచ్చిన నరసరావుపేట అబ్బాయి ఒకరు సైబర్ సెక్యూరిటీలో మాస్టర్స్ చేయాలని మా దగ్గరకు వచ్చారు. తెలుగు మాట వినిపించిన ఉత్సాహంలో గబగబా వివరాలు నింపి, వచ్చిన ఇంటి భత్యం అంకెను కాగితం మీద రాసి ఇచ్చాను. తరగతులన్నీ ఆన్‌లైన్‌లోనేనా అన్న ప్రశ్నను మాత్రం మార్చకుండా వదిలేశాను. ఆయనకు రాత్రి డ్యూటీ, కోర్సులన్నీ ఆన్‌లైనే. కనీసం ఒక్క తరగతైనా క్యాంపస్‌కు వచ్చి చదివితేనే ఆ ప్రాంతపు పూర్తి రేటు వర్తిస్తుంది. అంతా ఆన్‌లైన్ అయితే జాతీయ సగటులో సగమే. అక్టోబరు మొదట్లో డబ్బు పడ్డాక ఆయన నేను రాసిచ్చిన కాగితం తెచ్చి బల్ల మీద పెట్టారు. కోప్పడలేదు గానీ, "అక్కా, మరి జనవరిలోనైనా ఇంత పడుతుందా?" అని అడిగారు.

అసలు చిక్కు ఆ ప్రశ్నలోనే ఉంది. భత్యం నెల గడిచాక వస్తుంది, సెమిస్టర్ల మధ్య సెలవులకు 2011 ఆగస్టు నుంచి చెల్లింపు లేదు. డిసెంబరు నడుమ తరగతులు ముగిసి జనవరి నడుమ మళ్లీ మొదలైతే, జనవరిలో చేతికి వచ్చేది డిసెంబరు మొదటి సగానిది, ఫిబ్రవరిలో వచ్చేది జనవరి చివరి సగానిది. ఇంటి అద్దె మాత్రం రెండు నెలలూ పూర్తిగానే కట్టాలి. టూల్ చూపే అంచనాను నెలనెలా వచ్చే జీతంలా చదివితే ఈ గుంట కనబడదు. సైనిక కుటుంబాలతో పనిచేసేవారు ముందుగా నేర్చుకోవలసినది ఇదేనని నా అభిప్రాయం.

క్రెడిట్ల విషయమూ అంతే. డిగ్రీ స్థాయిలో 12 క్రెడిట్లను పూర్తి భారంగా లెక్కించే చోట, 6 తీసుకుంటే ఇంటి భత్యం అసలు రాదు, 7 తీసుకుంటే 60 శాతం వస్తుంది. అలాగని ఏదో ఒక క్లాసు కలుపుకుంటే చెల్లదు, అది డిగ్రీకి అవసరమైనదై ఉండాలి. సైనిక శిక్షణకు క్రెడిట్ ఇస్తారా అన్నదానికి టూల్ చెప్పేది అవును, కాదు అన్నంతవరకే; సైన్యంలో వైద్య సహాయకుడిగా పనిచేసిన వ్యక్తి క్రెడిట్లు నర్సింగ్ డిగ్రీలో కలుస్తాయా, ఊరికే ఎలక్టివ్‌లుగా మిగిలిపోతాయా అన్నది రిజిస్ట్రార్‌ను అడిగితేనే తేలుతుంది. మా రాష్ట్రమైన టెక్సాస్ నుంచి సైన్యంలో చేరినవారికి ప్రభుత్వ కళాశాలల్లో 150 క్రెడిట్ గంటల వరకు ట్యూషన్ మినహాయించే హేజిల్‌వుడ్ చట్టం ఉంది, దాని లెక్క విడిగా వేసుకోవాలి.

అయిదుకు నాలుగు ఇస్తాను. ఆ ఒకటి తగ్గించింది టూల్ తప్పు చెబుతుందని కాదు, ఎదుట మనిషిని కూర్చోబెట్టుకోకుండా లింకు పంపి ఊరుకోవడానికి మాలాంటి వాళ్లకు వీలు ఇస్తుందని. ఇప్పుడు మా ఇద్దరు సిబ్బందీ పేజీని ముద్రించి, అడుగున జనవరి, ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో నిజంగా చేతికి అందే మొత్తాలను పెన్నుతో రాసి ఇస్తున్నారు. నరసరావుపేట అబ్బాయి వసంత సెమిస్టరులో ఒక ఆన్‌లైన్ కోర్సు వదిలి, దాని బదులు మంగళవారం సాయంత్రం క్యాంపస్‌లో జరిగే క్లాసుకు నమోదయ్యారు. డ్యూటీకి వెళ్లేదారిలోనే కళాశాల పడుతుందట.