మీటర్‌లో ఆ చిన్న మైలేజీ అంకె: ఏళ్ల తరబడి వాడాక

పెట్రోలు రేటు పెరిగినప్పుడల్లా మైలేజీ చిట్కాలు కుప్పలు తెప్పలుగా వచ్చిపడతాయి. వాటన్నిటికంటే నాకు ఎక్కువ పనికొచ్చింది కారు మీటర్‌లో కనిపించే లైవ్ మైలేజీ. ఇప్పుడు, ఈ క్షణాన లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వస్తున్నాయో చెప్పే అంకె అది. చాలామంది దాన్ని తీసేసి అక్కడ గడియారమో ట్రిప్ మీటరో పెట్టుకుంటారు. నేనైతే కారు కొన్నప్పటి నుంచీ దాన్ని కదపలేదు.

ముందు నా కాలు తొక్కే తీరు మారింది. గ్రీన్ సిగ్నల్ పడగానే యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే అంకె అయిదుకో ఆరుకో పడిపోతుంది. దూరంగా ఎర్రలైటు కనబడగానే గేరు తీయకుండా యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేస్తే 99.9కి ఎగురుతుంది. ఆ కాసేపూ ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు దాన్ని వదలడమే ఆపేస్తాయి మరి. పల్లంలో న్యూట్రల్ వేస్తే ఆదా అనేది ఇంజెక్టర్లు రాకముందు, పాత కార్బ్యురేటర్ బళ్ల రోజుల మాట. ఇప్పటి ఇంజన్ న్యూట్రల్‌లో ఆగిపోకుండా ఉండాలంటే పెట్రోలు తాగాల్సిందే, పైగా గేరులో ఉన్న ఇంజనే బండి వేగాన్ని పట్టి ఉంచే ఇంజన్ బ్రేకింగ్ పోతుంది, అది ప్రమాదం కూడా. హైవే మీద 80 నుంచి 100కి వెళ్తే గాలి అడ్డు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. చదివితే నాకు ఎక్కని ఈ సంగతి అంకె దిగిపోతుంటే చూసి ఎక్కింది.

కానీ దాని అసలు విలువ తెలిసింది ఒక రిపేరుతో. ఉన్నట్టుండి సగటు తగ్గడం మొదలైంది. అదే దారి, అదే బరువు. టైర్లలో గాలి చూశాను, సరిగ్గానే ఉంది. ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా ఉంది. ఏసీ ఆపి చూసినా తేడా లేదు. చదును రోడ్డు మీద ఎప్పుడూ 20 దగ్గర నిలిచే అంకె 16 దాటడం లేదు. కాలు తీస్తే బండి మునుపంత దూరం దొర్లడం లేదు. ఆపి చక్రాల దగ్గర వంగితే ముందు ఎడమ చక్రం నుంచి చేతికి సెగ కొట్టింది, సన్నగా మాడు వాసన, రిమ్ము నిండా నల్లటి పొడి. మిగతావి గోరువెచ్చగా ఉన్నాయంతే.

సర్వీస్ సెంటర్‌లో మొదట "పెట్రోలు క్వాలిటీ అయ్యుంటుంది సార్" అన్నారు. ఒక్కసారి జాకీ ఎత్తి చూడమని పట్టుబట్టాను. కుడి చక్రం చేత్తో తిప్పితే హాయిగా తిరిగింది, ఎడమది అర చుట్టు కూడా పోలేదు. బ్రేకు ప్యాడ్లని డిస్కుకి అదిమే కాలిపర్ పిన్నులు తుప్పుపట్టి బిగుసుకుపోయి, ప్యాడ్ ఎప్పుడూ డిస్కుని రాసుకుంటూనే ఉంది. పిన్నులు శుభ్రం చేసి, గ్రీజు పెట్టి, ప్యాడ్లు మార్చాక అంకె మళ్లీ 20కి వచ్చింది. అప్పటిదాకా మీటర్‌లో ఒక్క వార్నింగ్ లైటు వెలగలేదు, చప్పుడూ లేదు.

అయితే ఆ అంకె చెప్పేదంతా నిజమని కాదు. ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకుకి లెక్క వేస్తే నాకు ప్రతిసారీ తక్కువే తేలుతుంది. ఇంజెక్టర్లు ఎంతసేపు తెరుచుకున్నాయన్నదాన్ని బట్టి కంప్యూటర్ కట్టే లెక్క అది, ట్యాంకులో కొలిచింది కాదు. అందుకే నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చూడ్డానికే నమ్ముతాను. చల్లటి ఇంజన్‌తో మొదటి కొద్ది కిలోమీటర్లు ఎలాగూ ఘోరంగానే చూపిస్తుంది, దానికి కంగారు పడక్కర్లేదు. చిన్న చిన్న పనులన్నీ ఒకే తిరుగుడులో చేసుకోవడం మాత్రం నాకు దానివల్లే అలవాటైంది.

నాది మాన్యువల్ పెట్రోలు కారు, రోజూ ఒకే దారి, ఎక్కువగా ఖాళీ రోడ్డు. అందుకే ఇంత కలిసొచ్చిందేమో. ఎప్పుడూ ట్రాఫిక్‌లోనే తిరిగేవాళ్లకి ఆ లైవ్ అంకె క్షణక్షణం గంతులేస్తూ కళ్లని రోడ్డు మీద నుంచి లాగేస్తుంది. వాళ్లు సగటు మైలేజీ ఒక్కటే పెట్టుకుని, ట్యాంకు నింపినప్పుడల్లా జీరో చేసుకుంటే సరిపోతుందనుకుంటాను.