ఫ్లిప్-అప్ హెల్మెట్టా, ఫుల్ ఫేసా? బెంగళూరు ట్రాఫిక్‌లో ఏది మేలు?

ముందే చెప్పేస్తా, నాకు కళ్లజోడు ఉంది, మైనస్ నాలుగు. ఈ గోలలో సగం దాని వల్లే. కళ్లజోడు లేనివాళ్లు నేను చెప్పేదాంట్లో కొంత కోసేసుకుని చదువుకోండి.

రోజూ నా దారి కేఆర్ పురం నుంచి సిల్క్ బోర్డు, అవుటర్ రింగ్ రోడ్డు మీద పదిహేడు, పద్దెనిమిది కిలోమీటర్లు. సాయంత్రం పూట గంటలోపు ఇల్లు చేరిన గుర్తు లేదు. రెండు నెలలకోసారి బండి మీదే అనంతపురం వెళ్తా, నలభై నాలుగో నంబరు హైవే, రెండొందల కిలోమీటర్ల పైమాటే. ఈ రెండు దారులకూ ఒకే హెల్మెట్ సరిపోవాలనుకున్నాను చూడండి, అక్కడే తప్పు చేశా.

ఫ్లిప్-అప్‌నే మాడ్యులర్ అని కూడా అంటారు. హెల్మెట్ షాపులుండే జేసీ రోడ్డులో మాడ్యులర్ అంటే కొందరికి తెలియదు, ఫ్లిప్-అప్ అంటే వెంటనే తీసి చూపిస్తారు. గడ్డం కింద బటన్ నొక్కితే ముందు భాగం మొత్తం నుదుటి మీదికి లేస్తుంది. ఫుల్ ఫేస్‌లో ఆ గడ్డం భాగం లేవదు, డొప్పతో కలిసి ఒకే ముక్క. కొత్త వింతేం కాదు, బీఎండబ్ల్యూ వాళ్లు 1981లోనే ఇలాంటిది తెచ్చారు.

దాని సుఖం ఏంటో కళ్లజోడు వాళ్లకి చెప్పక్కర్లేదు. ఫుల్ ఫేస్ పెట్టుకోవాలంటే ముందు జోడు తీసి చేత్తో పట్టుకోవాలి, హెల్మెట్ తలలోకి దూర్చాలి, తర్వాత ఆ సన్నటి కాడల్ని చెంపల మెత్తల మధ్యలోంచి గుచ్చుకుంటూ చెవుల మీదికి తోయాలి. పార్కింగ్‌లో చీకట్లో ఈ పని చేస్తూ ఒక ఫ్రేమ్ వంచుకున్నాను కూడా. ఫ్లిప్-అప్‌లో జోడు తియ్యకుండానే పెట్టుకోవచ్చు, తియ్యకుండానే విప్పేయొచ్చు. ఏప్రిల్ ఎండలో మారతహళ్లి దగ్గర బండ్లన్నీ ఆగిపోయినప్పుడు ముందు భాగం లేపి కాస్త గాలి పీల్చుకోవచ్చు. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ముఖం చూపించొచ్చు, రాత్రి పోలీసులు ఆపి ఊదమంటే హెల్మెట్ తియ్యకుండానే ఊదొచ్చు (తాగకపోతేనే లెండి). వాన రోజు అద్దానికి ఆవిరి పడితే ఫుల్ ఫేస్‌లో వైజర్ కొంచెం తెరిచి అవస్థ పడాలి, ఇందులో ఆగిన చోట మొత్తం లేపేస్తే క్షణంలో పోతుంది.

ఇంత చెప్పాక ఫ్లిప్-అప్ కొనెయ్యమంటాననుకుంటారు. ఆగండి.

నా మొదటిది రెండు వేల చిల్లరకు కొన్నా. కంపెనీ పేరు వద్దు. ఎనిమిది నెలలకు ఎడమ వైపు లాక్ పట్టడం మానేసింది. మూసినప్పుడు రెండు పక్కలా టక్‌మని వినపడాలి, నాకు కుడి వైపే వినపడేది, పడిందిలే అనుకుని పోయేవాణ్ణి. బాగేపల్లి దాటాక ఎనభైలో పోతుంటే లారీ పక్క నుంచి గాలి కొట్టింది, ముందు భాగం దానంతట అదే రెండు వేళ్ల ఎత్తు లేచింది. గుండె జారిపోయింది, బండి పక్కకు తీసి ఆపేశా. ఇంటికెళ్లి చెప్తే మా బావ నవ్వి, "ఏమప్పా, వాకిలికి గడి లేకపోతే అది వాకిలా?" అన్నాడు. ఆయన పెట్టుకునేది గడ్డం లేని సగం హెల్మెట్, అసలు వాకిలే లేని ఇల్లు, అది వేరే సంగతి.

బావ మాటలో విషయం ఉంది. అదే రెండు వేలు ఫుల్ ఫేస్‌కి పెడితే ఆ డబ్బంతా డొప్ప, లోపలి థర్మాకోల్, పట్టీ, వైజర్ మీదికి పోతుంది. ఫ్లిప్-అప్‌లో కీలుకీ లాక్‌కీ కూడా పంచాలి, కాబట్టి చవక దాంట్లో అవి పిన్నీసుల్లా ఉంటాయి. పైగా బండి మీంచి పడినప్పుడు గడ్డానికి దెబ్బ తగలడం చాలా మామూలు, ఆ భాగమే ఊడివచ్చేలా ఉంటే బావ సగం హెల్మెట్‌కీ దీనికీ తేడా లేదు.

యూరప్ ప్రమాణం ఉన్న హెల్మెట్లలో పట్టీ మీద కుట్టిన లేబుల్ చూడండి. గుండ్రంలో ఇంగ్లిష్ 'ఈ' (E) అక్షరం, కింద నంబరు, దాని పక్కన పీ అనో జే అనో ఉంటుంది. పీ అంటే గడ్డం భాగం కాపాడుతుందని పరీక్షలో తేలినట్టు, జే అంటే గడ్డం లేని హెల్మెట్‌గా పాసైనట్టు. రెండూ ఉంటే మూసీ నడపొచ్చు, తెరిచీ నడపొచ్చు. ఎన్‌పీ అని ఉంటే ఆ గడ్డం ఉత్త అలంకారం, అక్కడే పెట్టేసి రండి. మన దేశంలో 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి, అది ఎలాగూ ఉండాలి, కానీ ఆ గుర్తు పక్కన ఈ పీ, జే కనపడవు.

బరువు ఇంకో తలనొప్పి, నిజంగానే. ఇప్పుడు నా దగ్గరున్న ఫ్లిప్-అప్ కిలో ఏడొందల గ్రాములు, ఫుల్ ఫేస్ కిలో నాలుగొందలు. ఆఫీసు దారిలో తేడా తెలియదు. చిక్కబళ్లాపురం దాటేసరికి మెడ చెప్తుంది, పెనుకొండ దగ్గరకొచ్చేసరికి అరుస్తుంది. శబ్దం కూడా అంతే, కీళ్ల దగ్గర సందుల్లోంచి గాలి ఈల వేస్తూనే ఉంటుంది. జోరు వానలో వైజరూ గడ్డమూ కలిసే చోట నాది కొంచెం కారుతుంది కూడా.

అన్నిటికన్నా మోసం ఏంటంటే, తెరిచే వీలుంది కాబట్టి తెరిచే నడుపుతాం. సిగ్నల్లో లేపుతాం, పచ్చ లైటు పడుతుంది, వెనకోడు హారన్ కొడతాడు, అలాగే పోతాం, రెండు కిలోమీటర్ల తర్వాత గుర్తొస్తుంది. వేగం పెరిగితే లేచిన ఆ భాగాన్ని గాలి గొడుగులా పట్టుకుని తల వెనక్కి లాగుతుంది. నేను వారానికి రెండు మూడు సార్లు ఇలా దొరికిపోతుంటా.

కాబట్టి నా లెక్క ఇది. మూడు వేల లోపు బడ్జెట్ అయితే రెండో ఆలోచన లేకుండా ఫుల్ ఫేస్, కళ్లజోడు ఉన్నా సరే. ఊరు దాటి ఎక్కువ తిరిగేవాళ్లకూ అదే. ఊళ్లోనే తిరుగుతూ, కళ్లజోడు పెట్టుకుని, కొంచెం ఎక్కువ పెట్టగలిగితే పీ, జే రెండూ ఉన్న ఫ్లిప్-అప్. నేను చివరికి రెండూ ఉంచుకున్నా, చెప్పుల స్టాండ్ మీద చోటు లేదని మా ఆవిడ సణుగుతోంది.

కొనేటప్పుడు షాపులోనే ఇరవై సార్లు తెరిచి మూయండి, ప్రతిసారీ రెండు వైపులా టక్ వినపడాలి, మూశాక గడ్డం పట్టుకుని గట్టిగా పైకి లాగండి. తర్వాత మీ కళ్లజోడుతోనే పెట్టుకుని పది నిమిషాలు కదలకుండా కూర్చోండి, నుదుటి మీద ఎక్కడైనా నొక్కుతుంటే అది రేపటికి తగ్గదు. షాపతను విసుక్కుంటే పక్క షాపుకు పోండి, జేసీ రోడ్డులో వాటికి కొదవా?