ఇంట్లో ఆగమన కాలానికి తెప్పించిన ఆడ్వెంట్ సెట్: పుస్తకం కోసం కొనొచ్చు, కొవ్వొత్తుల కోసం వద్దు

ఆగమన కాలం, అంటే ఆడ్వెంట్, క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల ఎదురుచూపు కాలం. ముందే చెప్పేస్తాను, ఆ రోజుల్లో ఇంట్లో ప్రార్థనకు వాడే ఈ సెట్‌లో డబ్బు పెట్టి కొనదగ్గది పుస్తకం ఒక్కటే. రింగు పరవాలేదు, అట్ట క్యాలెండర్ చిన్నపిల్లలున్న ఇంటికి సరిపోతుంది, కొవ్వొత్తులు మాత్రం దండగ. ఆన్‌లైన్‌లో 650 రూపాయలు పడింది, నల్గొండకు డెలివరీ చార్జి అదనం. పెట్టెలో ప్లాస్టిక్ ఆకులు చుట్టిన ఇనుప రింగు, మూడు ఊదా రంగు కొవ్వొత్తులు, ఒక గులాబీ రంగుది, రోజుకొకటి తెరిచే 24 చిన్న కిటికీలున్న అట్ట క్యాలెండర్, రోజుకో పేజీ చొప్పున చదువుకునే తెలుగు ప్రార్థన పుస్తకం వచ్చాయి.

డిసెంబర్ వచ్చిందంటే మన క్రైస్తవుల ఇళ్లు ఎలా ఉంటాయో తెలుసు కదా. డాబా మీద స్టార్ కట్టాలి, ఇంటికి సున్నం వేయించాలి, బట్టలు కుట్టించాలి, ఇవాళ ఒక చోట సెమీ క్రిస్మస్, రేపు ఇంకో చోట, రాత్రిళ్లు క్యారల్స్ రౌండ్లు. అన్నీ సంతోషమే, ఒక్కటీ మానుకోమని నేను అనను. కానీ నెలంతా చర్చి వాళ్లతోనే గడిచిపోయి, ఇంట్లో మేమందరం ఒక చోట కూర్చుని ఎవరి రాక కోసం ఇదంతా చేస్తున్నామో మాట్లాడుకునేది ఉండట్లేదు. పిల్లలకు 25వ తారీఖు అంటే కేకూ కొత్త బట్టలూ. రోజుకు పావుగంట చాలు, కానీ రోజూ కుదరాలి, అందుకు తోడ్పడే వస్తువు ఏదైనా కావాలనిపించి ఇది తెప్పించాను.

మా ఇంట్లో ఇంకో విషయం కూడా ఉంది. నేను కతోలిక ఇంట్లో పుట్టినదాన్ని, ఆగమన కాలంలో ఫాదర్ ఊదా రంగు వస్త్రాలు వేసుకోవడం, మూడో ఆదివారం గులాబీ రంగు, పూజలో మహిమ గీతం ఆపేయడం, ఇవన్నీ చిన్నప్పటి నుంచి చూసినవే. అత్తమ్మ వాళ్లది జడ్చర్ల వైపు, ఎంబీ చర్చి, అంటే మెన్నొనైట్ బ్రదరెన్ అనే ప్రొటెస్టెంట్ సంఘం. ఈ రెండు సంఘాలూ మా జిల్లాలో పక్కపక్కనే పెరిగాయి. 1889లో రష్యా నుంచి మన దేశానికి వచ్చిన మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు పనిచేసింది నల్గొండలోనే, కతోలికులకు నల్గొండ మేత్రాసనం (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) 1976లో ఏర్పడింది. కాబట్టి మాలాంటి కలగలుపు ఇళ్లు ఇక్కడ చాలానే ఉంటాయి, ఈ రివ్యూ ముఖ్యంగా వాళ్ల కోసమే రాస్తున్నాను. రింగు బయటకు తీయగానే అత్తమ్మ "ఇదేందమ్మా, వాక్యం చదువుకోవడానికి మైనం వత్తులెందుకు" అన్నారు. ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్నే. పుస్తకం మొదటి పేజీలోనే దానికి జవాబుంది. 1839లో జర్మనీలోని హాంబర్గ్‌లో, పేదపిల్లల ఆశ్రమం నడిపిన యోహాన్ హిన్రిచ్ విచెర్న్ అనే లూథరన్ (ప్రొటెస్టెంట్) దైవశాస్త్ర పండితుడు, క్రిస్మస్ ఇంకెన్ని రోజులని పిల్లలు రోజూ అడుగుతుంటే, పాత బండి చక్రం మీద ఆదివారాలకు నాలుగు పెద్ద తెల్ల కొవ్వొత్తులూ మిగతా రోజులకు చిన్న ఎర్రవీ పెట్టి రోజుకొకటి వెలిగించాడట. కతోలికులు దీన్ని ఆ తర్వాతే అందుకున్నారు. ఇది చదివి వినిపించాక అత్తమ్మ ఇంకేం అనలేదు, రెండో రోజు నుంచి అగ్గిపెట్టె ఆమె చేతిలోనే ఉంది.

ఇక కొవ్వొత్తులు. తయారుచేసినవాళ్లు ఒక్క సీజనైనా వీటిని ఇంట్లో వాడి చూశారా అని నా అనుమానం. మొదటి ఆదివారం ఒకటి, రెండో ఆదివారం రెండు, అలా పెంచుకుంటూ పోతాం కదా, అంటే మొదటిది అన్ని రోజులూ వెలగాలి. 2025లో ఆగమన కాలం నవంబర్ 30న మొదలైంది. డిసెంబర్ 24 దాకా 25 రోజులు, రోజుకు పావుగంట లెక్కన మొదటి కొవ్వొత్తి ఆరుంబావు గంటలు కాలాలి, రెండోది నాలుగున్నర, మూడోది రెండు గంటల ముప్పావు, నాలుగోది ఒక్క గంట. వీళ్లిచ్చినవి నాలుగూ ఒకే పొడవు, చిటికెన వేలంత లావు. మూడో వారం రాకముందే మొదటిది అయిపోయింది. సరే, కిరాణా కొట్లో దొరికే లావు కొవ్వొత్తి పెడదామంటే రింగు గిన్నెల్లో పట్టదు. పైగా ప్లాస్టిక్ ఆకులు మంటకు మరీ దగ్గర, పిల్లలున్న ఇంట్లో అది నాకు భయమే. చివరికి స్టీలు పళ్లెంలో ఇసుక పోసి, మామూలు తెల్ల కొవ్వొత్తులు నిలబెట్టి, వాటి అడుగున మూడింటికి ఊదా రిబ్బన్, ఒకదానికి గులాబీ రిబ్బన్ కట్టి, చుట్టూ అశోక చెట్టు ఆకులు పేర్చాం. ఆకులు వాడితే మార్చుకోవడమే. మంట రిబ్బన్ దాకా రాకముందే కొవ్వొత్తి మార్చాలి, అదొక్కటి చూసుకోండి. వాళ్ల రింగు తలుపుకు తగిలించేశాం, అక్కడ బాగుంది.

పుస్తకం దగ్గరకొస్తే మాత్రం నాకు మనస్ఫూర్తిగా నచ్చింది. వారానికొక మాట, నిరీక్షణ, సమాధానం, ఆనందం, ప్రేమ. ప్రతి పేజీలో ఒక వాక్య భాగం, ఇంట్లో మాట్లాడుకోవడానికి ఒక ప్రశ్న, చిన్న ప్రార్థన. వాక్యాలు మనకు నోటికొచ్చిన పాత అనువాదంలోనే ఇచ్చారు, అది పెద్దవాళ్లకు చాలా ముఖ్యం. మొదటి ఆదివారం యెషయా 2వ అధ్యాయం, ఖడ్గాలను నాగటి నక్కులుగా (నాగలి కర్రులుగా) సాగగొట్టే భాగం. మా మామయ్య వ్యవసాయం చేసిన మనిషి, మామూలుగా ప్రార్థనలో కళ్లు మూసుకుని ఆమెన్ చెప్పడమే తప్ప నోరు విప్పరు. ఆ రోజు ఆయనే అందుకుని, వానలు పడే ముందు కర్రు తీసుకుని కమ్మరి కొలిమికి పోవడం, ఎర్రగా కాల్చి సమ్మెటతో సాగగొట్టడం, ఇనుము ఎంత మొండిగా ఉంటుందో, అన్నీ పిల్లలకు చెప్పారు. ఖడ్గం నాగలి కావాలంటే దేవుడు ఎంత సేపు కొట్టాలో చూడండి అన్నారు. అలాంటి మాట నేను ఏ ప్రసంగంలోనూ వినలేదు.

మూడో వారం మత్తయి 11. చెరసాలలో ఉన్న యోహాను, రావలసినవాడవు నీవేనా అని శిష్యులతో అడిగించే భాగం. ఆ పేజీ ప్రశ్న, ఎదురుచూసి విసిగిపోయిన రోజులు మీకున్నాయా అని. మా ఆయన డీఎస్సీ నోటిఫికేషన్ కోసం ఎదురుచూసిన ఏళ్ల గురించి, చర్చికి వెళ్లడం కూడా మానేసిన రోజుల గురించి చెప్పారు. పిల్లలకు అది తెలియదు. బాప్తిస్మమిచ్చే యోహానుకే అనుమానం వచ్చిందా అని మా పెద్దోడు చాలాసేపు అడుగుతూనే ఉన్నాడు, క్యారల్స్ వాళ్లు గేటు దగ్గరకు వచ్చేదాకా మాట ఆగలేదు. ఇది జరగడానికే కదా నేను కొన్నది.

లోపాలూ ఉన్నాయి. అక్షరాలు మరీ చిన్నవి, అత్తమ్మకు అద్దాలున్నా కష్టమే. రెండో వారంలో కొన్ని పేజీలు మంచు గురించీ చలిమంట గది గురించీ మాట్లాడతాయి, నల్గొండలో పిల్లలకు అవి ఎక్కడ అతుకుతాయి? ఆ చోట మేం ఫ్లోరైడ్ నీళ్ల గురించి, మంచినీళ్ల కోసం ఊళ్లు చూసిన ఎదురుచూపు గురించి మాట్లాడుకున్నాం. ప్రార్థనలు పెద్దవాళ్ల భాషలో ఉన్నాయి, ఆరేళ్ల పిల్ల చదవలేదు.

క్యాలెండర్ మీద డిసెంబర్ 1 నుంచి 24 దాకానే కిటికీలు. కానీ ఆగమన కాలం మొదటి ఆదివారం నవంబర్ 27కూ డిసెంబర్ 3కూ మధ్య ఎప్పుడైనా రావచ్చు. 2026లో నవంబర్ 29నే మొదలు, అంటే రెండు రోజులు కిటికీ ఉండదు. చిన్నదానికి అదేం పట్టలేదు, బొమ్మలు చూసి మురిసిపోయింది.

నా రేటింగ్ సెట్‌కు 5కి 3, పుస్తకానికి నాలుగున్నర. అమ్మినవాళ్లకు ఇవన్నీ రాసి, పుస్తకం విడిగా ఇస్తారా అని అడిగితే ఇస్తామన్నారు, 150 రూపాయలట. అలా అడిగి తీసుకోండి, నవంబర్ రెండో వారంలోపే ఆర్డర్ పెట్టండి, ఆ తర్వాత పెడితే మొదటి ఆదివారానికి అందదు.