యాభై లీటర్ల బయోడీజిల్ కిట్: ట్యాంకు బాగుంది, కాగితమే బాగాలేదు

స్టీలు ట్యాంకు, 2 కిలోవాట్ల హీటరు, అర హెచ్‌పీ మోటారు, కడగడానికి ఒక డ్రమ్ము. వాడేసిన వంటనూనెను ఇంజను ఇంధనంగా, అంటే బయోడీజిల్‌గా మార్చే కిట్టంటే ఇంతే. బత్తాయి తోటలో ఆయిల్ ఇంజను నడిపే రైతుకు సరిపోయే సైజు. ట్యాంకు అడుగు గరాటులా చేశారు, అది మెచ్చుకోవాల్సిన పని. చదునుగా ఉంటే గ్లిజరిన్ (నూనె ఇంధనంగా మారాక అడుగున మిగిలే చిక్కటి ద్రవం) మూలల్లో పేరుకుని వాల్వు తిప్పినా దిగదు. ట్యాంకుకు అయిదుకు నాలుగు, దాంతో ఇచ్చిన వాడకం కాగితానికి ఒకటి.

ఆ కాగితంలో ‘లీటరు నూనెకు 5 గ్రాముల కాస్టిక్ సోడా’ అని ఒకటే లెక్క ఉంది. కొంప ముంచేది ఇదే. నూనె ఎంత కాగితే అందులో ఆమ్లం అంత పెరుగుతుంది, కాస్టిక్ కూడా అంత ఎక్కువ పడుతుంది. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరే రెండు బజ్జీల బండ్ల నుంచి నూనె తెచ్చినా, రోజూ నూనె మార్చే బండిదీ, వారమంతా అదే మూకుడులో మిర్చి బజ్జీలు దేవినదీ ఒకటి కావు. కాస్టిక్ తక్కువైతే నూనె మారకుండా మిగిలిపోతుంది, ఎక్కువైతే సబ్బవుతుంది.

కాబట్టి ప్రతి డబ్బానూ పరీక్షించాలి. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 1 గ్రాము కాస్టిక్ కరిగించండి. 10 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో 1 మి.లీ. నూనె, చిటికెడు పసుపు వేసి, ఆ కాస్టిక్ నీళ్లను సిరంజితో చుక్క చుక్కగా వదలండి. పసుపు పారాణి రంగుకు తిరిగి అర నిమిషం నిలిస్తే ఆపేయాలి. ఎన్ని మి.లీ. పట్టాయో దానికి 3.5 కలిపితే లీటరుకు కావాల్సిన గ్రాములు వస్తాయి. 3 పడితే 6.5 గ్రాములు, అంటే 50 లీటర్లకు 325. పరీక్షలో ఆరు మి.లీ. దాటి పట్టే నూనె వదిలేయడమే మేలు.

తడి సంగతి కాగితంలో లేనే లేదు. వేడి పెనం మీద చుక్క వేస్తే చిటపటమంటే నీళ్లున్నట్టే. 60 డిగ్రీలకు కాచి, రాత్రంతా కదపకుండా ఉంచి, అడుగు నీళ్లు తీసేయాలి.

కాస్టిక్‌ను 10 లీటర్ల మిథనాల్‌లో (నూనెతో కలిసి దాన్ని ఇంధనంగా మార్చే ఆల్కహాల్) కలిపేది మూతున్న ప్లాస్టిక్ క్యాన్‌లోనే. అల్యూమినియం గిన్నెను కాస్టిక్ తినేస్తుంది. మిథనాల్ ఆవిరి విషం, దాని మంట ఎండలో కంటికి కనపడదు. ఆరుబయటే చేయండి, ఆ మిశ్రమాన్ని నూనెలో పోసేముందు హీటరు ఆపండి. నూనె 55 డిగ్రీలు దాటొద్దు, 65 దగ్గర మిథనాల్ మరుగుతుంది. గంట తిప్పి, 12 గంటలు ఉంచి గ్లిజరిన్ వదిలేశాక, 27 మి.లీ. మిథనాల్‌లో 3 మి.లీ. ఇంధనం వేసి చూడండి. అడుగున నూనె బొట్లు కనిపిస్తే పని పూర్తి కానట్టే.

కడగడానికి మన బోరు నీళ్లు అసలొద్దు. వాటిలోని సున్నం సబ్బుతో కలిసి మధ్యలో తెట్టు కడుతుంది, అది ఫిల్టరును మూసేస్తుంది. వాననీళ్లు గాని కృష్ణా నల్లా నీళ్లు గాని గోరువెచ్చగా చేసి పైనుంచి చిలకరించండి. మొదటిసారే కలియబెడితే ఇంధనం, నీళ్లు విడిపోకుండా మజ్జిగలా ఉండిపోతాయి. ఆరాక సీసా వెనక పేపరు అక్షరాలు చదవగలిగేంత తేటగా ఉండాలి.

కిట్‌తో వచ్చే రబ్బరు పైపులు బయోడీజిల్‌కు ఉబ్బుతాయి, మార్చుకోవాలి. బండ్ల నూనె చాలావరకు పామాయిలే కాబట్టి డిసెంబరు పొద్దున ఇంధనం గడ్డకడుతుంది. అప్పుడు అయిదో వంతు మించకుండా డీజిల్‌లో కలపండి. పోలార్ పదార్థాలు (మళ్లీ మళ్లీ కాచిన నూనెలో పుట్టే చెడు పదార్థాలు) 25 శాతం దాటిన నూనెతో వండొద్దని 2018 జులై 1 నుంచి నిబంధన ఉంది. అలాంటి నూనె మళ్లీ మూకుడెక్కకుండా ఇంజనుకు పోవడం ఎంతో మంచిది. కానీ అమ్మాలంటే బయోడీజిల్‌కు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 15607కు నిలవాలి. ఇందులో చేసింది సొంత ఇంజనుకే వాడుకోండి.